నవోదయ ప్రవేశపరీక్షయు గనిప్రాంతపు బిడ్డలును

చలికాలము వచ్చినదనగా కాసిపేట మండలమున పెక్కిండ్లలో దీపము మామూలుకంటె నాలస్యముగా నారును. తండ్రి రాత్రి షిఫ్టునకు గనిలోనికి దిగియుండును. తల్లి పొయ్యి చల్లార్చి వచ్చి బిడ్డప్రక్కన కూర్చుండును. అయిదవ తరగతి చదువుచున్న ఆ బిడ్డ ముందర నవోదయ ప్రవేశపరీక్షకు సంబంధించిన లెక్కల పుస్తకము తెరువబడియుండును. తల్లికి ఆ లెక్క తెలియకపోవచ్చును. అయినను అది తెగుటలో తన యింటి భవిష్యత్తు కొంత యిమిడియున్నదని యామెకు తెలియును. కావున ఈ పరీక్షను గూర్చియు, అందలి లెక్కలను సాధించు తెరవును గూర్చియు నాలుగు మాటలు వ్రాయుట మా విధి యని తలంచుచున్నాము.

1986 నాటి జాతీయ విద్యావిధానము ననుసరించి వ్యాపించిన జవాహర్ నవోదయ విద్యాలయములలో ఆరవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వరకు చదువును, వసతియు, భోజనమును లభించును. సీట్లలో నూటికి 75 తక్కువ కాకుండ గ్రామీణులకు చెందవలెను. ఇంతవరకు మిక్కిలి మేలైన యేర్పాటే. కాని తరగతికి 80 మందికి మించి చేర్చుకొనరు. పూర్వపు ఆదిలాబాదు జిల్లా 2016 అక్టోబరులో నాలుగు జిల్లాలుగా విభజింపబడినది. కాసిపేట మంచిర్యాల జిల్లాలోనికి వచ్చినది. జిల్లాలు నాలుగైనవి గాని, దీర్ఘకాలముగా ఆ ప్రాంతపు పిల్లలకు దిక్కైయున్న విద్యాలయము కాగజ్‌నగరమునందలి దొక్కటియే. 2024 డిసెంబరులో కేంద్రప్రభుత్వమువారు తెలంగాణమునకు 7 క్రొత్త నవోదయములను మంజూరు చేసినప్పుడును మంచిర్యాల పేరు ఆ జాబితాలో కానరాలేదు. అంతేకాదు, ఆరవ తరగతి ప్రవేశమునకు ఒక బిడ్డ ఒక్కమారే పరీక్షకు కూర్చుండవలెను. తప్పినచో మరుసటి యేడు తిరిగి వ్రాయు నవకాశము లేదు. పదేండ్ల పసివానికి ఇంతటి నియమము!

గనిప్రాంతమున ఈ విషయమునకు గల ప్రాముఖ్యము తక్కినచోట్ల కంటె నధికము. తట్టయు చెమ్మసును పట్టి బొగ్గు నింపిన తరమువారికి చదువు లేకున్నను కండబలముతో కడుపు నిండెను. 1990 ప్రాంతమున సింగరేణి సంస్థలో లక్షకు పైబడియుండిన కార్మికుల సంఖ్య నేడు సుమారు 40 వేలకు దిగినది. యంత్రములును, ఓపెన్‌కాస్టు గనులును మనుష్యుని చేతిపనిని మ్రింగినవి. తండ్రి కొలువు కొడుకునకు వచ్చునను ధైర్యము మునుపటివలె నిలిచియుండలేదు. కాసిపేట గనులలో దిగుచున్న కార్మికుడు తన బిడ్డ గనిలోనికి దిగుటకు గాక గనిని లెక్కించుటకు తగినవాడు కావలెనని కోరుచున్నాడు. ఈ కోరిక న్యాయమైనది. దీనికి తోడుపడుట సమాజముయొక్క ఋణము.

పరీక్షలో మొత్తము 80 ప్రశ్నలు. కాలము రెండు గంటలు. అందు అంకగణితమునకు 20 ప్రశ్నలు, 25 మార్కులు, 30 నిమిషములు. అనగా ప్రశ్న యొక్కటికి తొంబది సెకండ్లు మాత్రమే. ప్రతి ప్రశ్నకును నాలుగు జవాబు లీయబడును. అందు సరియైన దానిని గుర్తింపవలెను. తప్పునకు మార్కు తీసివేయు నియమము లేదు. ఈ నాలుగు సంగతులను బిడ్డకు మొట్టమొదట తెలియజెప్పవలెను. యుద్ధభూమి యెట్టిదో యెరుగక కత్తి నూరుట వ్యర్థము.

ఇచ్చట రెండు తెగలవారు మన కెదురగుచున్నారు. మొదటివారు కిటుకుల వ్యాపారులు. "అర్థముతో మీకేమి పని? ఈ నూరు సూత్రములను బట్టీ పట్టుడు, సీటు మీదే" యని వారు గొప్ప రుసుములు వసూలు చేయుచున్నారు. రెండవవారు పండితమ్మన్యులు. "ఉపాయములు చెప్పుట పరీక్షను మోసగించుట, లెక్కను మొదటినుండి తుదివరకు పలకపై చేయవలసినదే" యని వీరి వాదము. ఈ రెండు మతములును మాకు సమ్మతములు కావు. అర్థములేని కిటుకు ఆపదలో చేయి విడుచును. ఉపాయములేని శ్రమ తొంబది సెకండ్లలో తెమలదు. లెక్కయొక్క స్వభావము నెరిగి, దానికి దగ్గరిదారిని కనుగొనుటయే యుక్తి. అది గణితమునకు ద్రోహము కాదు. గణితము నేర్పు ముఖ్యవిద్య అదియే.

ఈ మాట క్రొత్తది గాదు. 499 నాటి ఆర్యభటీయమునందే తుదినుండి మొదటికి నడచు విలోమక్రియ కలదు. 1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడు ఇష్టకర్మ యని, తోచినసంఖ్య నొకదానిని ఊహించి దానినుండి నిజమైన సంఖ్యను రాబట్టు మార్గమును చెప్పెను. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెనుగు పద్యములలోనికి తెచ్చి, మన భాషయందు శాస్త్రగ్రంథములకు త్రోవ చూపెను. హంగేరీ దేశమున పుట్టిన పోల్యా యను గణితవేత్త 1945లో ప్రకటించిన పుస్తకమునందు, సమస్యను గ్రహించుట, తెరవు నాలోచించుట, ఆ తెరవున నడచుట, వెనుదిరిగి పరీక్షించుట యను నాలుగు మెట్లను నిరూపించెను. మన పిల్లలు మూడవ మెట్టుమీదికే యొక్కసారిగా దుముకుచున్నారు. మొదటిదియు, తుదిదియు వారికెవ్వరును చెప్పుట లేదు. మా ఫిర్యాదు ఇదియే.

మాటలు చాలవు, ఉదాహరణములు కావలెను. బొగ్గుపట్టణముల బిడ్డలకు పరిచితమైన లెక్క నొకదానిని తీసికొందము. ఒక రైలుపెట్టెలో 58 టన్నుల బొగ్గు పట్టును. అట్టి పెట్టెలు 49 కలవు. మొత్తము ఎన్ని టన్నులు? ఇచ్చిన జవాబులు 2,482, 2,842, 3,842, 28,420. కలము పట్టకమునుపే బిడ్డ యొకమా రంచనా వేయవలెను. 58 సుమారు 60, 49 సుమారు 50, లబ్ధము 3,000. రెండు సంఖ్యలను మనమే పెంచితిమి గనుక నిజమైన జవాబు 3,000కు తక్కువయై యుండవలెను. దీనితో తుది రెండు జవాబులును తొలగిపోయినవి. మిగిలిన రెంటిలో నేది? చివరి అంకెను చూతమన్నను రెండును 2తోనే ముగియుచున్నవి. తొమ్మిదుల పరీక్ష చేయుదమనిన, అంకెలను కూడినచో రెండును ఒకే శేషము నిచ్చును; ఏలయన అంకెలు తారుమారైనప్పుడు ఆ పరీక్ష కనిపెట్టజాలదు. కిటుకును నమ్ముకొన్న బిడ్డ ఇచ్చట చిక్కుకొనును. అర్థము తెలిసిన బిడ్డ 58ని 50తో హెచ్చించి 2,900 తెచ్చి, అందుండి ఒక 58ని తీసివేసి 2,842 అనును. ఇరువది సెకండ్లు పట్టదు. అంచనా సగము త్రోవ చూపినది. సంఖ్యల స్వభావము మిగిలిన సగము చూపినది.

రెండవ యుదాహరణము. ఒక బాలుడు తనయొద్దనున్న సొమ్ములో సగము పుస్తకములకు వ్యయించెను. మిగిలినదానిలో మూడవవంతు కలములకు వ్యయించెను. తుదకు 40 రూపాయలు మిగిలెను. మొదట నెంత యుండెను? ముందునుండి పోయినచో బిడ్డకు బీజగణితము కావలెను. అది అయిదవ తరగతిలో లేదు. వెనుకనుండి రావలెను. మూడవవంతు పోగా మిగిలినవి రెండువంతులు. అవి 40 అయినచో మూడువంతులును 60. ఆ 60 మొదటి సొమ్ములో సగము. కావున మొదటిది 120. ఇదియే విలోమక్రియ. లేదా మొదట 6 రూపాయలుండెనని యూహింపుడు. సగము పోగా 3. అందు మూడవవంతు పోగా 2 మిగులును. 2 మిగిలినప్పుడు మొదలు 6 అయినచో, 40 మిగిలినప్పుడు మొదలు 120. ఇదియే ఇష్టకర్మ. పిమ్మట 120 నుండి ముందునకు నడచి, 60, 20, 40 అని సరిచూచుకొనినచో సందేహము మిగులదు. నాలుగు జవాబులు ఎదుట నుండగా, ఒక్కొక్కదానిని ప్రశ్నలో పెట్టి పరీక్షించుటయు ఇట్టి యుపాయమే.

మూడవది బోనువంటి లెక్క. ఒక వస్తువు వెలను నూటికి 20 వంతున పెంచి, ఆ పెరిగిన వెలను తిరిగి నూటికి 20 వంతున తగ్గించిరి. తుదివెల మొదటిదానితో సమానమా? పదిమందిలో ఎనమండ్రు సమానమే యందురు. వెల 100 అనుకొన్నచో పెరిగి 120 అగును, 120లో నూటికి 20 అనగా 24, మిగులునది 96. నూటికి 4 నష్టము. నూరును ఊహించుకొనుట యను చిన్న యలవాటు ఇట్టి బోనులను వందలకొలది తప్పించును.

నాలుగవది బొమ్మ గీయుటను గూర్చినది. 12 మీటర్ల పొడవును 8 మీటర్ల వెడల్పును గల పెరటిచుట్టును 2 మీటర్ల కొకటి చొప్పున కట్టెలు పాతవలెను; ఎన్ని కావలెను? చుట్టుకొలత 40 మీటర్లు, కట్టెలు 20. అదే 40 మీటర్ల తిన్నని బాటప్రక్కన పాతినచో 21 కావలెను. ఏల? బాటకు మొదలును తుదయు వేరు. పెరటికి మొదలే తుద. ఈ భేదము సూత్రములో కనబడదు. కాగితముపై నాలుగు గీతలు గీసినచో కనబడును. బొమ్మ గీయుటకు పట్టు అయిదు సెకండ్లు వ్యర్థమని బిడ్డను తొందరపెట్టు గురువు, ఆ అయిదు సెకండ్లతోపాటు మార్కును గూడ పోగొట్టుచున్నాడు.

కాలమును గూర్చియు ఒక మాట. ఇరువది ప్రశ్నలను వరుసగా చేయుచు, ఏడవదానియొద్ద చిక్కి పది నిమిషములు పోగొట్టుకొను బిడ్డలు పెక్కురు. లెక్కలవంటి యహంకారము పిల్లల నింకొకటి పట్టదు. తెగనిదానిని విడిచిపెట్టుట వారికి అవమానముగా తోచును. మొదటి చుట్టులో సులభములైనవాని నన్నిటిని ముగించి, కష్టములైనవానికి గుర్తు పెట్టి దాటిపోయి, రెండవ చుట్టులో వానిని చూడవలెనని నేర్పవలెను. సులభమైన లెక్కకును కఠినమైన లెక్కకును మార్కు సమానమే గదా! తప్పునకు శిక్ష లేదు గనుక తుదకు ఏ ప్రశ్నను గూడ ఖాళీగా విడువరాదు. నాలుగింటిలో నొకదానిని ఊరక గుర్తించినను నాలుగవవంతు అవకాశము కలదు; రెంటిని న్యాయముగా తొలగించినచో సగము అవకాశము కలదు. కాని ఈ నీతి అన్ని పరీక్షలకును చెల్లదు. ఇంజనీరింగునకై జరుగు జాతీయస్థాయి జె.ఇ.ఇ. మెయిను పరీక్షలో సరియైనదానికి 4 మార్కు లీయబడును. తప్పునకు 1 తీసివేయబడును. కావున నియమపత్రమును చదువుటయే మొదటి లెక్క. ఓ.ఎం.ఆర్. పత్రముమీద బాలుపాయింటు కలముతో నొకమారు నింపిన వలయమును చెరపుటకు వీలు లేదు; చదివిన ప్రశ్నసంఖ్యకును, నింపిన వలయసంఖ్యకును సరిచూచుకొను నలవాటు లేక చేసిన లెక్క చేయనట్లైపోవుట కలదు.

ఇక భాషావిషయము. తెలంగాణ ప్రభుత్వపాఠశాలలలో 2022-23 నుండి ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టబడినది. దాని మంచిచెడ్డల నిచ్చట చర్చింపము. కాని లెక్కయొక్క ప్రశ్న భాషలో నుండును. భాష తెలియనిది లెక్క తెలియదు. "మూడు రెట్లు" అనుటకును "మూడవవంతు" అనుటకును, "5 తగ్గెను" అనుటకును "5కు తగ్గెను" అనుటకును గల భేదమును బిడ్డ తల్లిభాషలో ముందుగా గ్రహింపవలెను. ఒక్క యక్షరమున లెక్క తలక్రిందులగును. నవోదయ పరీక్షను తెలుగున వ్రాయుటకు వీలున్నది. బడిలో నొక భాషయు, ఇంటిలో నొక భాషయు, పరీక్షలో నొక భాషయునైన బిడ్డ తొంబది సెకండ్లలో మూడు భాషలను దాటవలసివచ్చును. గోండు, కొలాము గూడెములనుండి వచ్చు బిడ్డలకు తెలుగే రెండవభాష యని మరువరాదు. వారికి లెక్క రాదనువారు, ముందుగా ప్రశ్న వారి కర్థమైనదా యని విచారింపవలెను. ప్రశ్నను బిడ్డచేత తన మాటలలో మరల చెప్పించుట యను ఒక్క యభ్యాసము, వంద మాదిరిపత్రములకంటె మేలు చేయునని మా నమ్మకము.

"ఇంత శ్రమపడినను సీట్లు 80 మాత్రమే, తక్కినవారి గతి యేమి?" యని కొంద రడుగవచ్చును. ఇది సరియైన ప్రశ్న. పరీక్ష పిల్లలను వడపోయును. పాఠశాల పిల్లలను పెంచును. వడపోతనే విద్య యనుకొను ప్రభుత్వము తన కర్తవ్యమును మరచినట్లే. నాలుగు జిల్లాల పేదబిడ్డలకు మంచిబడి యొక్కటియై, దాని ద్వారమున వేలమంది నిలుచుట మన విద్యావిధానమునకు కీర్తి తెచ్చునది కాదు. కాని యుక్తితో లెక్క చేయుట నేర్చిన బిడ్డకు సీటు రాకున్నను ఆ విద్య వృథా పోదు. ఎనిమిదవ తరగతిలో జాతీయ ఉపకారవేతన పరీక్ష కలదు. అందు నెగ్గినవారికి ఏటికి 12,000 రూపాయలు లభించును. పదవ తరగతి పిమ్మట పాలిటెక్నిక్ ప్రవేశపరీక్ష కలదు. అందలి 120 మార్కులలో 60 గణితమునకే. ఇంటర్మీడియెటు పిమ్మట ఇంజనీరింగు ప్రవేశపరీక్షయందు 160లో 80 గణితమునకే. అన్ని ద్వారములకును సగము తాళపుచెవి లెక్కయే. దానిని పదేండ్ల వయస్సున చేతి కీయనివారు పదునెనిమిదేండ్ల వయస్సున ద్వారము మూసికొనిపోయినదని వాపోవుట తగదు.

కావున మా సూచన లివి. మండలములోని ప్రతి ప్రాథమికపాఠశాలయందును దసరా సెలవులు ముగిసినది మొదలు పరీక్షవరకు, దినమున కొక గంట ఈ యభ్యాసమునకు కేటాయింపవలెను. ఆ గంటలో ఇరువది లెక్కలు చేయించుట కాదు; మూడు లెక్కలనే తీసికొని, ఒక్కొక్కదానిని రెండేసి మార్గములలో చేయించి, ఏది దగ్గర యని పిల్లలచేతనే చెప్పించుట కావలెను. తప్పు చేసిన బిడ్డ తన తప్పెక్కడనో తానే కనుగొనునట్లు చేయవలెను. బెత్తము దానిని కనుగొనలేదు. పదిదినముల కొకమారు గడియారము పెట్టి, నిజమైన ఓ.ఎం.ఆర్. పత్రమువంటి దానిపై పరీక్ష జరుపవలెను. ఇందుకు గావలసినది ధనము కాదు, శ్రద్ధ.

సింగరేణి సంస్థవారు పాఠశాలలను నడుపుచున్నారు. సేవాసమితి ద్వారా యువకులకు శిక్షణ నిచ్చుచున్నారు. గనిచుట్టునున్న గ్రామముల అయిదవ తరగతి బిడ్డలకు సాయంకాలమున వెలుతురును, బల్లలును, ఒక ఉపాధ్యాయుడును గల గది నొకదానిని ఏర్పరచుట వారికి భారము కాదు. ఏ నేల క్రిందినుండి బొగ్గు తీయబడుచున్నదో ఆ నేలమీది బిడ్డకు ఈపాటి ఋణము తీర్పవలసియున్నది. ఇంజనీరింగు చదివి ఉద్యోగమునకై యెదురుచూచుచు ఇంటియొద్ద నున్న యువతీయువకులు కాసిపేటలోను, మందమర్రిలోను, బెల్లంపల్లిలోను తక్కువగా లేరు. వారు వారమునకు రెండు సాయంకాలము లీ పిల్లల కిచ్చినచో దానికి మించిన దేశసేవ లేదు. రుసుము కట్టగలవాని బిడ్డకే యుపాయము దొరకు నను అన్యాయమును తొలగించునది చట్టము కాదు, ఇట్టి సేవయే.

కేంద్రప్రభుత్వమువారికి మా విన్నపము స్పష్టమైనది. మంచిర్యాల జిల్లాకు ప్రత్యేకముగా నొక నవోదయ విద్యాలయమును మంజూరు చేయవలెను. జిల్లాలు విభజింపబడి యేండ్లు గడచినవి. శాసనసభ్యులును, లోకసభ సభ్యులును కక్షలను విడిచి ఈ కోరికను ఏకకంఠముతో వినిపింతురని ఆశించుచున్నాము.

తుదకు తల్లిదండ్రులకొక మాట. పరీక్షకు పోవు బిడ్డభుజముపై ఇంటిబరువంతయు మోపకుడు. ఎనుబదిమందిలో పేరు లేనంతమాత్రమున బిడ్డ తెలివిలేనిది కాదు. 40 నుండి వెనుకకు నడచి 120ని చేరిన బిడ్డ, దారి మూసికొన్నప్పుడు వేరొకవైపునుండి రావచ్చునని తెలిసికొన్నది. ఆ తెలివి కాగజ్‌నగరమునకు పోయినను, కాసిపేటయందే యుండినను దాని సొత్తే. ఆ సొత్తును మండలమునందలి ప్రతి బిడ్డకును అందించుటకు పెద్దలందరును పూనుకొందురు గాక!